స్కాన్ల పొందికను కంటితో సరిచూసే సాఫ్ట్‌వేర్లు

గోదావరి డెల్టాలోని ద్రాక్షారామంలో ఒకరికి మెదడులో గడ్డ ఉందన్న అనుమానం వస్తే మొదటి ఎంఆర్ఐ కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో తీయించుకుంటారు. రేడియేషన్ వైద్యం దాకా వస్తే పెద్ద కవరులో ఫిల్ములు, ఒక సీడీ పట్టుకుని కుటుంబం విశాఖపట్నం వెళ్లవలసి రావచ్చు. అక్కడ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా రేడియేషన్ మొదలుపెట్టే ముందు కొత్తగా సీటీ స్కాన్ తీస్తారు. "స్కానింగ్ అయిపోయింది కదండీ, మళ్లీ ఎందుకు?" అని బంధువులు అడగడం సహజమే. గడ్డ అంచు ఎక్కడిదాకా పాకిందో ఎంఆర్ఐలో బాగా కనిపిస్తుంది. కిరణం ఎముకలో ఎంత, మెత్తటి కండలో ఎంత ఇంకిపోతుందో లెక్కగట్టడానికి మాత్రం సీటీ కావాలి. అంటే ఎంఆర్ఐ మీద డాక్టరు గీసిన గడ్డ గీతను సీటీ మీదికి దించాలి.

ఇక్కడే మెలిక ఉంది. ఎంఆర్ఐ నాడు రోగి తల మెత్తటి దిండు మీద, కాస్త పక్కకు వాలి ఉంటుంది. రేడియేషన్ సీటీ నాడు గట్టి చదును బల్ల మీద పడుకోబెట్టి, వేడినీళ్లలో మెత్తబరచిన ప్లాస్టిక్ వలను ముఖం మీద అదిమి, అది చల్లారి బిగుసుకున్నాక తీస్తారు. యంత్రం వేరు, భంగిమ వేరు, తేదీ వేరు, బొమ్మలో నలుపు తెలుపుల అర్థం కూడా వేరు. ఈ రెంటినీ ఒకే చట్రంలోకి తెచ్చి, ఒకదానిలోని ప్రతి బిందువూ రెండోదానిలో ఎక్కడుందో చెప్పే గణనను రిజిస్ట్రేషన్ అంటారు. ఆ గణన కుదిరిందో లేదో మనిషి కంటికి చూపించి, అతని తీర్పును రాసిపెట్టుకునే పనిముట్లే ఈ వ్యాసానికి విషయం.

లెక్క ఎక్కడ తప్పుతుంది

పుర్రె గట్టిది. ఒకే మనిషి తల రెండు స్కాన్లను కలపడానికి మూడు దిక్కులకు జరపడం, మూడు ఇరుసుల చుట్టూ తిప్పడం చాలు. మొత్తం 6 సంఖ్యలతో పని అయిపోతుంది. సాగదీయడం, ఏటవాలుగా ఒరగడం కూడా కలిపితే 12 సంఖ్యలు. ఊపిరితో కదిలే కాలేయాన్నో, ఒకరి మెదడును వేరొకరి మెదడు మీదనో కూర్చోబెట్టాలంటే మాత్రం ప్రతి బిందువుకూ దానిదైన కదలిక ఉండాలి. అప్పుడు సంఖ్యలు లక్షల్లోకి వెళతాయి. ఎన్ని ఎక్కువైతే తప్పుకు అన్ని దారులు.

సీటీలో ఎముక తెల్లగా మెరుస్తుంది. మామూలు ఎంఆర్ఐలో అదే ఎముక నల్లగా ఉంటుంది. కాబట్టి ఒక బొమ్మలోంచి ఇంకోదాన్ని తీసివేసి తేడా చూద్దామంటే కుదరదు. 1995 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో పాల్ వయోలా, విలియం వెల్స్, బెల్జియంలోని లూవెన్‌లో మరో బృందం విడివిడిగా ఒక ఉపాయం కనిపెట్టారు. ఒక బొమ్మలోని మెరుపు తెలిస్తే రెండో బొమ్మలోని మెరుపును ఎంత బాగా ఊహించవచ్చో కొలిచే రాశి అది. పేరు మ్యూచువల్ ఇన్ఫర్మేషన్. బొమ్మలు సరిగ్గా కూర్చున్నప్పుడు ఆ రాశి పెరుగుతుంది. వేర్వేరు రకాల స్కాన్లను కంప్యూటరే తనంతట తాను కలపడం దీనితో చాలా సులువైంది.

మరి ఆ రాశి ఎక్కువగా ఉంటే పొందిక కుదిరినట్టేనా? 2012లో టోర్‌స్టెన్ రోల్ఫింగ్ అనే పరిశోధకుడు ఈ ప్రశ్నకు కొంటెగా జవాబిచ్చాడు. 'పూర్తిగా పనికిమాలిన రిజిస్ట్రేషన్ పనిముట్టు' అని తానే పేరు పెట్టి ఒక ప్రోగ్రాం రాశాడు. శరీర నిర్మాణం గురించి దానికి ఏమీ తెలియదు. ఒక స్కాన్‌లోని చుక్కలన్నిటినీ మెరుపు క్రమంలో వరసపెట్టి, రెండో స్కాన్‌లోని చుక్కలను అదే క్రమంలో వాటికి జత కలుపుతుంది, అంతే. నుదుటి దగ్గరి చుక్క వెళ్లి వెనకతల చుక్కతో జతపడినా దానికి పట్టదు. అయినా అందరూ వాడే పోలిక కొలతల్లో, కణజాలాలు ఒకదాని మీద ఒకటి ఎంత పడ్డాయో చెప్పే కొలతల్లో అది పేరున్న ప్రోగ్రాములను వెనక్కి నెట్టేసింది. వైద్య చిత్రాల రంగంలో ఇంత నవ్వు పుట్టించి ఇంత గట్టిగా దెబ్బ కొట్టిన పరిశోధన పత్రాలు తక్కువ.

ఇందులో రెండో దెబ్బ కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఆ ప్రోగ్రాం ఇచ్చిన తుది బొమ్మ కంటికి కూడా బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే చుక్కలను పేర్చిందే అలా కనపడేటట్టు. తుది బొమ్మను మాత్రమే చూసే కన్ను అంకెతో పాటే మోసపోతుంది. బొమ్మ కింద గళ్ల వల ఒకటి గీసి, అది ఎలా వంగిందో చూపిస్తే తప్ప ఈ గుట్టు బయటపడదు. అందుకే నాణ్యమైన సాఫ్ట్‌వేర్లు కుదిరిన బొమ్మతో పాటు వంపుల వలనూ చూపిస్తాయి. ఒక్కో చోట కణజాలం ఎంత సాగిందో, ఎంత నొక్కుకుందో జాకోబియన్ అనే అంకె చెబుతుంది. 1 ఉంటే మార్పు లేదు, 2 ఉంటే రెట్టింపు, సున్నాకు దిగువకు పోతే అక్కడ కణజాలం తన మీద తానే మడతపడినట్టు. బతికున్న శరీరంలో అలాంటి మడతకు చోటు లేదు.

కన్ను ఎంత చూడగలదు

కంటి సత్తాను కూడా ఎవరో ఒకరు కొలవాలి కదా. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో జె. మైకేల్ ఫిట్జ్‌పాట్రిక్ బృందం 1990లలో ఆ పని చేసింది. మెదడు శస్త్రచికిత్సకు వచ్చిన రోగుల పుర్రెలో సీటీలోనూ ఎంఆర్ఐలోనూ కనిపించే గుర్తులను మరలతో బిగించారు. ఆ గుర్తుల సాయంతో నిజమైన పొందిక ఏదో సుమారు అర మిల్లీమీటరు తేడాలో తెలిసిపోయింది. గుర్తులను బొమ్మల్లోంచి చెరిపేసి ప్రపంచంలోని వేర్వేరు బృందాలకు పంపి, మీ ప్రోగ్రాములతో కలపండి అన్నారు. చాలా ప్రోగ్రాములు తరచుగా 2 మిల్లీమీటర్ల లోపు తేడాతో కలిపాయి. అవే ప్రోగ్రాములు అప్పుడప్పుడు 6 మిల్లీమీటర్లు, అంతకు మించి పక్కకు పోయాయి. ఎప్పుడు పోతాయో ముందే చెప్పే ఆధారం లేదు.

1998లో అదే బృందం మనుషులను పరీక్షించింది. అనుభవమున్న ఇద్దరు పరిశీలకుల ముందు కావాలని పక్కకు జరిపిన సీటీ, ఎంఆర్ఐ జతలను పెట్టి, తేడా ఎంతుందో మిల్లీమీటర్లలో అంచనా వేయమన్నారు. 5 జతలు, ఒక్కోదానికి 14 రకాల తప్పు అమరికలు. ఫలితం స్పష్టం: 1 మిల్లీమీటరు తేడాను ఏ పద్ధతిలోనూ ఎవరూ నమ్మకంగా పట్టుకోలేకపోయారు. 2 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే బాగానే పట్టుకున్నారు. కంటి పరీక్ష అందరికీ తెలిసిన ఆచారం స్థాయి నుంచి కొలతకు అందిన పద్ధతి స్థాయికి ఎదిగింది ఈ పత్రంతోనే అనడం న్యాయం.

చూపించే తీరులు

రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి పోల్చమంటే మనిషి ఘోరంగా విఫలమవుతాడు. ఈ బొమ్మ నుంచి ఆ బొమ్మకు చూపు తిప్పేలోపే ఆ గీత ఎక్కడుందో మనసులోంచి జారిపోతుంది. ఈ సాఫ్ట్‌వేర్ల పనితనమంతా ఆ చూపు తిప్పే పనిని తప్పించడంలోనే ఉంది.

అన్నిటికంటే పాతది, ఈనాటికీ అన్నిటికంటే పదునైనది మార్చి మార్చి చూపడం. ఒకే చోట మొదటి బొమ్మ, వెంటనే రెండోది, మళ్లీ మొదటిది. కుదిరి ఉంటే బొమ్మ నిలకడగా ఉంటుంది. కుదరకపోతే అంచు ఉలిక్కిపడ్డట్టు కదులుతుంది, ఆ కదలిక దగ్గరికి చూపు తనంతట తానే పోతుంది. ఇది వైద్యులు కనిపెట్టినది కాదు. 1930లో అమెరికా ఖగోళ పరిశీలకుడు క్లైడ్ టాంబో కొన్ని రోజుల ఎడంతో తీసిన రెండు ఆకాశపు ఫొటో పలకలను ఇలాగే మార్చి మార్చి చూపే యంత్రంలో పెట్టి, వేల నక్షత్రాల మధ్య గెంతిన ఒక్క చుక్కను పట్టుకున్నాడు. ఆ చుక్క ప్లూటో.

రెండోది చదరంగపు గళ్లు. ఒక గడిలో సీటీ, పక్క గడిలో ఎంఆర్ఐ, మళ్లీ సీటీ. ఇక్కడ చూడవలసింది గడి లోపల కాదు, గడుల సరిహద్దులో. పుర్రె గీత ఒక గడి నుంచి పక్క గడిలోకి తెగకుండా సాగిందా, మెట్టులా విరిగిందా? గడి పెద్దదైతే లోపల ఏం జరిగిందో దాగిపోతుంది, మరీ చిన్నదైతే బొమ్మంతా తునాతునకలై ఏదీ అర్థం కాదు. గడి పరిమాణం మార్చుకునే వీలు లేని సాఫ్ట్‌వేర్‌లో ఈ పద్ధతి ఉన్నా లేనట్టే.

మూడోది అంచుల గీత. ఒక స్కాన్‌లోని అంచులను మాత్రమే తీసి, ఎర్రటి సన్నని గీతగా రెండో స్కాన్ మీద వేస్తారు. మెదడు విషయంలో అలవాటున్న వాళ్ల చూపు ముందు మధ్యలోని జఠరికల (ద్రవం నిండిన గదుల) మీద పడుతుంది, ఆ నల్లటి రెక్కల చుట్టూ ఎర్రగీత ఒదిగి ఉండాలి. తర్వాత చిన్నమెదడు అడుగు, మెదడు కాండం, నుదుటి కొస, వెనక కొస. వేగంగా తీసే ఫంక్షనల్ ఎంఆర్ఐలో కళ్ల పైభాగాన, ముక్కు దగ్గరి గాలి గదుల వల్ల బొమ్మ సాగి వంకరపోతుంది. అక్కడ ఎర్రగీత మెదడు దాటి గాలిలో తేలుతూ ఉంటే అది లెక్కలో తప్పు కాకపోవచ్చు, స్కాన్‌లోనే ఉన్న లోపం కావచ్చు. ఈ రెండింటినీ వేరుచేయడం అనుభవం మీదే వస్తుంది.

రంగులు కలపడం మరొకటి: ఒక స్కాన్ ఆకుపచ్చ, ఇంకోటి ఎరుపు. రెండూ పడ్డచోట పసుపు, పక్కకు జరిగినచోట రంగు అంచు బయటపడుతుంది. చూడముచ్చటగా ఉంటుంది, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియని కళ్లకు మాత్రం దండగ. అందుకే కొందరు ఎరుపు బదులు ముదురు గులాబీ వాడతారు. ఇక తేడా బొమ్మ, అంటే ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసివేయడం. ఇది ఒకే రకం స్కాన్లకే పనికొస్తుంది. తెరలాగా ఒక బొమ్మను మరోదాని మీదికి లాగడం, కర్సర్ చుట్టూ చిన్న కిటికీలో రెండో స్కాన్ చూపడం కూడా ఉన్నాయి. ఆసుపత్రుల్లో వాడే సాఫ్ట్‌వేర్లలో ఇవి ఎక్కువ.

పనిముట్ల వరస

మెదడు పరిశోధనలో చాలామందికి మొదట తారసపడేది ఎస్‌పీఎం. 1991లో లండన్‌లో కార్ల్ ఫ్రిస్టన్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాంలో 'చెక్ రెజ్' అనే మీట ఉంది. దాన్ని నొక్కితే 24 స్కాన్ల దాకా ఒకే కిటికీలో తెరుచుకుంటాయి. ఒకదాని మీద కర్సర్ పెడితే మిగతా అన్నిటిలోనూ అదే చోటికి కర్సర్ పోతుంది. ఇంత చిన్న సౌకర్యం ఇన్నేళ్లుగా నిలవడం ఊరికే కాదు: ఒక్క క్లిక్కుతో జఠరిక కొస మీద ఆగి, అన్ని స్కాన్లలోనూ అది అక్కడే ఉందా అని చూడొచ్చు.

రాబర్ట్ కాక్స్ 1994లో విస్కాన్సిన్ మెడికల్ కాలేజీలో రాసిన ఆఫ్నీ తర్వాత అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నీడలో పెరిగింది. అంచుల గీతలు వేసిన బొమ్మలను, మొత్తం ప్రక్రియ మీద బ్రౌజర్‌లో తెరిచి చూసే నివేదికను అది తనంతట తానే తయారుచేస్తుంది. 2000లో ఆక్స్‌ఫర్డ్ విడుదల చేసిన ఎఫ్‌ఎస్‌ఎల్‌లో 'స్లైసెస్‌డిర్' అనే బుల్లి ఆదేశం ఉంది. వందమంది స్కాన్లను దానికి అప్పగిస్తే ఎర్ర అంచులతో వరసగా పేర్చిన ఒకే ఒక పేజీ ఇస్తుంది. కిందికి జారుకుంటూ పోతే పక్కకు ఒరిగిన తల ఇట్టే కనబడుతుంది. దీనికి హంగులేమీ లేవు. అయినా హంగులున్న సాఫ్ట్‌వేర్లకంటే ఎక్కువ తప్పులను పట్టుకున్నది ఇలాంటి పేజీలేనంటే అతిశయోక్తి కాదు.

బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి, ఎంఐటీ కలిసి 1998లో మొదలుపెట్టిన త్రీడీ స్లైసర్ శస్త్రచికిత్సల ప్రణాళిక కోసం పుట్టింది. అందులో పై పొర, కింది పొరల మధ్య మీట జరుపుతూ ఒకటి మాయమై ఇంకోటి తేలడం చూడొచ్చు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఐటీకే-స్నాప్‌లో చేత్తో కూడా తలను తిప్పి కుదర్చవచ్చు. ఈ రెండూ ఉచితం, తమ కోడ్‌ను బయటపెట్టినవి. మన ఊళ్ల ఇంజనీరింగ్ కాలేజీలో మామూలు ల్యాప్‌టాప్ మీద నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు.

స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఎఫ్‌ఎంఆర్‌ఐప్రెప్ ఈ వరసలో కొత్త తరానిది, దాని పత్రం 2019లో అచ్చయింది. ఒక్కో మనిషి స్కాన్ల మీద ఒక్కో నివేదిక ఇస్తుంది. అందులో మౌసును బొమ్మ మీద పెట్టగానే రెండు స్కాన్లు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. టాంబో యంత్రం ఇప్పుడు బ్రౌజర్‌లోకి వచ్చిందన్నమాట.

విజువల్‌క్యూసీ

పైవన్నీ వేరే పనికోసం పుట్టి, పనిలో పనిగా చూపించేవి. చూడటాన్నే తన వృత్తిగా పెట్టుకున్నది విజువల్‌క్యూసీ. కెనడాలో టొరంటోలోని రాట్‌మన్ పరిశోధన సంస్థలో ఉన్నప్పుడు ప్రదీప్ రెడ్డి రామన దీన్ని పైథాన్ భాషలో రాశారు. తర్వాత ఆయన అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. దీని కోడ్ కూడా బహిరంగమే.

ఇందులో ఒక్కో తనిఖీకి ఒక్కో విభాగం ఉంది. మెదడు ఉపరితలాన్ని భాగాలుగా విడదీసిన తీరు సరిచూసేది ఒకటి, ఎంఆర్ఐలో కదలిక మరకలను పట్టేది ఒకటి, రోగిని గుర్తుపట్టకుండా ముఖాన్ని చెరిపేసిన స్కాన్లలో పని సరిగ్గా జరిగిందా అని చూసేది ఒకటి. పొందికను చూసే విభాగంలో పైన చెప్పిన తీరులు ఒకేచోట దొరుకుతాయి: మార్చి మార్చి చూపడం, గళ్లు, రంగుల కలయిక, చుక్కచుక్కకూ తేడా. ఒకటి తేల్చకపోతే ఇంకోదానికి మారొచ్చు. మార్చి చూపే వేగాన్ని కూడా చూసేవాళ్లే పెట్టుకోవచ్చు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మరీ వేగంగా మెరిస్తే కళ్లు నొప్పెట్టి, మరీ నెమ్మదైతే కదలిక కనబడక అసలు పనే చెడుతుంది.

దీని అసలు విలువ మరోచోట ఉంది. ఒక మనిషి స్కాన్ మూడు కోణాల్లో, అనేక పొరల్లో తెరమీదికి వస్తుంది. చూసినవాళ్లు బాగుంది, బాగాలేదు అని గుర్తు పెట్టి, అవసరమైతే రెండు ముక్కలు నోట్ రాసి, తర్వాతి స్కాన్‌కు పోతారు. మధ్యలో ఆపి మర్నాడు వస్తే ఆపిన చోటి నుంచే మొదలవుతుంది. తీర్పులన్నీ ఫైలులో భద్రంగా ఉంటాయి. చాలా ప్రయోగశాలల్లో ఈ తీర్పులు ఎవరి నోటుపుస్తకంలోనో, ఎవరి ఎక్సెల్ షీటులోనో ఉండి, ఆ విద్యార్థి చదువు ముగించి వెళ్లగానే మాయమవుతాయి. ఏ స్కాన్‌ను ఎవరు, ఎందుకు పక్కన పెట్టారో రెండేళ్ల తర్వాత అడిగితే చెప్పగలగడం బొమ్మలు అందంగా చూపడం కంటే ముఖ్యం.

హైదరాబాద్‌లో కట్టిన మెదడు అట్లాసు

తెలుగు నేల మీద ఈ విషయం అక్కరగా ముందుకొచ్చిన సందర్భం హైదరాబాద్ గచ్చిబౌలిలోని ఐఐఐటీలో కనిపిస్తుంది. ప్రపంచంలో మెదడు పరిశోధకులు తమ స్కాన్లన్నిటినీ ఒక ప్రామాణిక మెదడు మీదికి తెచ్చి పోలుస్తారు. ఆ ప్రామాణికాల్లో మొదటి పేరు ఫ్రాన్స్‌కు చెందిన జాన్ తలైరాక్, పియేర్ తుర్నూ 1988లో ప్రచురించిన అట్లాసు. అది 60 ఏళ్ల ఒక మహిళ మెదడు మీద ఆధారపడింది. తర్వాత కెనడాలోని మాంట్రియల్ నాడీశాస్త్ర సంస్థ 1990లలో 305 మంది స్కాన్లను, ఆపై 152 మంది స్కాన్లను సగటు చేసి ప్రామాణికాలు ఇచ్చింది. అవన్నీ పాశ్చాత్యుల మెదళ్లు. చైనా, కొరియా పరిశోధకులు తమవారి కోసం వేరే అట్లాసులు కట్టుకున్నారు. భారతీయులకూ అలాంటిది కావాలి.

జయంతి శివస్వామి నాయకత్వంలోని ఐఐఐటీ బృందం తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య సంస్థతో కలిసి ఆ పని చేసి, 2019లో ఐబీఏ100 పేరిట ఫలితం ప్రకటించింది. 21 నుంచి 30 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులు 100 మంది, స్త్రీలు పురుషులు సగం సగం. సగటున భారతీయుల మెదడు పాశ్చాత్యుల, తూర్పు ఆసియావారి మెదళ్లకంటే ఎత్తులో, వెడల్పులో, ఘనపరిమాణంలో చిన్నదిగా ఉందని తేలింది. పత్రికలు ఈ వాక్యాన్నే పట్టుకుని శీర్షికలు పెట్టాయి. పరిమాణానికీ తెలివితేటలకూ ముడిపెట్టే చర్చ కూడా కాస్త నడిచింది. దానికి ఆ పత్రంలో ఆధారం లేదు. అసలు ప్రయోజనం వేరు: పెద్ద మెదడు మీదికి చిన్న మెదడును సాగదీసి కూర్చోబెడితే, వయసుతోనో జబ్బుతోనో కుంచించుకుపోయిన భాగాన్ని కొలిచేటప్పుడు ఆ సాగదీత వల్ల లెక్క తేడా పడే ప్రమాదం ఉంది.

అట్లాసు కట్టడమంటేనే వంద మెదళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీయడం. వాటిలో ఏ ఒక్కటి పక్కకు ఒరిగినా సగటు బొమ్మలో ఆ మేరకు మసక వస్తుంది, మెదడు ముడతల గీతలు కరిగిపోతాయి. అందుకే ఇలాంటి పనిలో కంటి తనిఖీ రెండు అంచెల్లో అవసరమవుతుంది: ఒక్కో స్కాన్ విడిగా ఒకసారి, చివరి సగటు బొమ్మ ఇంకోసారి. మసక ఎక్కడుందో చూస్తే పొందిక ఎక్కడ బలహీనపడిందో తెలుస్తుంది.

ఏడాది తర్వాత బెంగళూరులోని నిమ్‌హాన్స్ పరిశోధకులు 6 నుంచి 60 ఏళ్ల దాకా 466 మంది స్కాన్లతో ఐదు వయోవర్గాలకు ఐదు ప్రామాణిక మెదళ్లు ప్రచురించారు. పిల్లల మెదడును పెద్దవాళ్ల మెదడు మీద కుదర్చబోయి పడే తిప్పలు వీటివల్ల తగ్గాయి. ఆ సంస్థ ముందుండి నడిపిన సీ-వేద అనే పిల్లల, యువకుల మెదడు అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్‌లోని రిషి వ్యాలీ కూడా ఒక కేంద్రం.

కుడి ఎడమలు, పై పొర కింది పొర

కన్ను కూడా పట్టుకోలేని తప్పుల్లో మొదటిది కుడి ఎడమల తారుమారు. మెదడు రెండు అర్ధగోళాలు దాదాపు అద్దంలో ప్రతిబింబాలు. తిరగబడిన స్కాన్‌ను కూడా ప్రోగ్రాం చక్కగా కలిపేస్తుంది, ఎర్రగీత ఒదిగిపోతుంది, పరిశీలకులు బాగుందని గుర్తు పెట్టేస్తారు. దీనికి తోడు రేడియాలజిస్టులు రోగి కుడివైపును తెరమీద ఎడమన చూపిస్తారు, ఎఫ్‌ఎస్‌ఎల్ వారి పక్షం. ఎస్‌పీఎం కుడిని కుడివైపే చూపిస్తుంది. పాత అనలైజ్ ఫైలు రూపంలో ఏది ఏ వైపో నికరంగా తెలిసేది కాదు. 2000ల తొలినాళ్లలో వచ్చిన నిఫ్టీ ఫైలు రూపం ఆ గందరగోళాన్ని చాలావరకు తీర్చింది, పూర్తిగా కాదు. 2020లో ఆఫ్నీ బృందం అందరికీ అందుబాటులో ఉన్న పేరుమోసిన డేటా సంపుటాల్లోనే తిరగబడిన స్కాన్లు ఉన్నాయని చూపింది. స్కాన్‌ను ఒకసారి ఉన్నట్టు, ఇంకోసారి తిప్పి రెండు విధాలా కలిపి, ఏది మెరుగ్గా కుదిరిందో చూడటమే వాళ్ల పద్ధతి. కొన్ని ప్రయోగశాలలు ఇంతకంటే సులువైన దారి పట్టాయి: స్కాన్‌కు ముందు కుడి కణత మీద విటమిన్ ఇ గొట్టం మాత్ర ఒకటి అంటిస్తారు. నూనె ఎంఆర్ఐలో తెల్లగా మెరుస్తుంది కాబట్టి కుడి ఏదో ఎవరూ వాదించనక్కరలేదు.

రెండోది ఒకే పొర చూసి సరిపెట్టుకోవడం. ద్రాక్షారామం భీమేశ్వరాలయం రెండంతస్తుల గుడి. ఎత్తైన లింగం కింది అంతస్తులో కొంత, పై అంతస్తులో కొంత కనిపిస్తుంది. కింద దర్శనం చేసుకుని వెనుదిరిగినవారు సగమే చూసినట్టు. స్కాన్ కూడా అంతే. మధ్య పొరలో జఠరికలు ముచ్చటగా కుదిరి ఉంటాయి, తల ముందుకు వంగిన తప్పు మాత్రం నడినెత్తినా చిన్నమెదడు అడుగునా బయటపడుతుంది. తిరుగుడు తప్పు ఇరుసుకు దూరం పోయేకొద్దీ పెరుగుతుంది. 10 సెంటీమీటర్ల దూరాన 2 డిగ్రీల తిరుగుడు అంటే సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. మూడు కోణాల్లోనూ, పైనుంచి కిందిదాకా అనేక పొరలు చూపని సాఫ్ట్‌వేర్ ఈ తప్పును దాచిపెట్టినట్టే లెక్క.

ఆసుపత్రిలో

పరిశోధనలో పొందిక తప్పితే ఒక పత్రం చెడుతుంది. రేడియేషన్ గదిలో తప్పితే కిరణం ఆరోగ్యంగా ఉన్న కణజాలం మీద పడుతుంది. 2017లో అమెరికా వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం క్రిస్టీ బ్రాక్ అధ్యక్షతన 132వ సంఖ్య బృందంతో ఈ విషయంపై నివేదిక ఇప్పించింది. సాఫ్ట్‌వేర్‌ను కొన్నప్పుడు కృత్రిమ నమూనాలతో పరీక్షించాలి, తర్వాత ఒక్కో రోగి విషయంలో కంటితో చూసి రాసిపెట్టాలి అన్నది దాని సారం. తెలిసిన బిందువుల మధ్య తేడా సుమారు 2, 3 మిల్లీమీటర్లు దాటరాదని ఒక కొలమానం పెట్టింది. జాకోబియన్ ఎక్కడా సున్నాకు దిగువకు పోరాదంది.

ఆ నివేదికలో బాగా పనికొచ్చే ముక్క 0 నుంచి 4 దాకా ఉన్న స్థాయిల పట్టిక. స్కాన్ అంతా కుదిరితే 0. గడ్డ చుట్టుపక్కల మాత్రమే కుదిరితే 1. అక్కడ కూడా కాస్త వంపు తేడా ఉండి జాగ్రత్తగా వాడదగినదైతే 2. రోగం గుర్తించడానికి పనికొచ్చి, గీత గీయడానికి పనికిరానిదైతే 3. అసలు పనికిరానిదైతే 4. ఈ పట్టిక వల్ల 'బాగుంది' అనే ఒక్క మాట పోయి, 'దేనికి బాగుంది' అనే ప్రశ్న వచ్చింది. మెడలో కుదరకపోయినా మెదడు గడ్డ రోగికి నష్టం లేదు. అదే స్కాన్‌తో మెడ గ్రంథులకు కిరణం పెట్టబోతే పుట్టి మునుగుతుంది. ప్లాన్ వేసే ఫిజిసిస్టు చూసి స్థాయి వేస్తారు, గీత గీసిన డాక్టరు మరోసారి చూసి ఒప్పుకుంటారు.

లక్ష మందిని ఎవరు చూస్తారు

బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ లక్ష మంది స్కాన్లు తీయాలని పూనుకుంది. అంతమందిని కంటితో చూడటం కుదిరే పని కాదు. 2018లో ఫిడెల్ ఆల్ఫారో-అల్మాగ్రో, ఆక్స్‌ఫర్డ్ సహచరులు వివరించిన వ్యవస్థలో యంత్రం ముందుగా వడపోస్తుంది, అనుమానం వచ్చినవి మనుషుల దగ్గరికి వెళతాయి. అలా వడపోయడం యంత్రానికి నేర్పాలన్నా ముందు మనుషులు చూసి ఇచ్చిన తీర్పులే కావాలి.

ఆ తీర్పులు ఎక్కడి నుంచి తేవాలి? వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అనీషా కేశవన్, ఏరియల్ రోకెమ్, జేసన్ యీట్‌మన్ 2019లో బ్రెయిన్‌డర్ అనే వెబ్ ఆటను వివరించారు. ఫోన్ తెరమీద మెదడు పొర ఒకటి వస్తుంది. బాగుంటే కుడికి, బాగాలేకపోతే ఎడమకు వేలితో తోసేయాలి. అలా సామాన్యులు 80,000 దాకా తీర్పులిచ్చారు. నిపుణులు ముందే చూసిన కొన్ని స్కాన్లతో పోల్చి, ఎవరి తీర్పుకు ఎంత బరువు ఇవ్వాలో లెక్కగట్టి, మిగతా స్కాన్లకు అంకెలు వేసే ప్రోగ్రాంకు శిక్షణ ఇచ్చారు. అది స్కాన్ నాణ్యతను చూసింది, పొందికను కాదు. పొందిక తనిఖీకి మాత్రం ఇప్పటికీ మూడు కోణాలు, అనేక పొరలు, రెండు స్కాన్లు కావాలి. ఒక్క వేలి తోపుతో తేలే బొమ్మ కాదది. అందుకే విజువల్‌క్యూసీ లాంటి పనిముట్లలో తోడుగా చేరుతున్నది గుంపులో వేటితోనూ పోలని స్కాన్‌ను ముందే లెక్కగట్టి హెచ్చరించే సౌకర్యం. హెచ్చరిక చూశాక ఆ స్కాన్‌ను ఉంచాలా తీసెయ్యాలా అని నిర్ణయించి, గుర్తు పెట్టి, నోట్ రాసే పని మాత్రం తెర ముందు కూర్చున్న మనిషిదే.